నెమలి అంచు పేజీలో ఖాళీ గళ్లు

మా ఆయన చేతిమగ్గం మీద నేసిన చీర అంచులన్నీ ఒక నోటుబుక్కులో గుర్తులతో రాసిపెట్టుకున్నారు. నిలువు పోగు పైకి లేవాలంటే చుక్క, కిందే ఉండాలంటే అడ్డగీత, రంగు మారాలంటే నెలవంక. ఆ మగ్గం ఎప్పుడో పొయ్యిలోకి పోయింది. ఆయన కూడా పోయారు. మిగిలింది ఆ గుర్తులే కదా అని, వాటిని ఈ-బుక్ చేయమని జగిత్యాలలో ఒక డీటీపీ సెంటర్‌కు ఇచ్చాను.

ఈ రోజు సిరిసిల్ల నుంచి బస్సెక్కి ఆ సెంటర్‌కు పోయి, వాళ్లు చేసిన ఈ-బుక్‌ను నా ఫోన్‌లోనే తెరిచి చూశాను. ముందుమాట బాగానే ఉంది. నెమలి అంచు పేజీలో మాత్రం చుక్క లేదు, గీత లేదు, నెలవంక లేదు. పేజీ నిండా ఒకే రకం ఖాళీ గళ్లు!

"గిదేంది బిడ్డా?" అని టైపు చేసిన అమ్మాయిని అడిగాను.

"నా కంప్యూటర్ల మంచిగనే అచ్చినయ్ అమ్మమ్మా. ఫోన్ల గా ఫాంటు లేదు, గందుకే గట్లయింది. అయినా ఏమైంది? గళ్ల చీర లెక్క మస్తుగున్నది!"

"మా ఆయన నలభై ఏండ్లు నేసిండు గని, గింత జల్ది గళ్ల చీర ఎన్నడు నెయ్యలే" అన్నాను. మెచ్చుకున్నాననుకుని నవ్వింది.

పోనీ, నోటుబుక్కులోని పేజీలనే ఫొటోలు తీసి పెట్టమన్నాను.

"ఫైలు పెద్దగైతది అమ్మమ్మా. అయినా గవ్వి సదివెటోళ్లు ఎవలున్నరు?"

నోటుబుక్కు సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చేశాను. మా వాడకట్టులో ఇప్పుడన్నీ పవర్‌లూమ్‌లే. ఆ గుర్తులు చదవగలిగినవాళ్లు మీ ఇళ్లలో ఎవరైనా ఉంటే ఈ పోస్టు కింద చెప్పండి. ఒక్కరున్నా రేపే మళ్లీ బస్సెక్కుతాను. ఎవరూ లేకపోతే, ఆ పిల్ల వేసిన ఖాళీ గళ్లే సరైనవని ఒప్పుకోవాలి.