ముత్యాలప్ప తోలుపట్టా

హోసూరు బస్టాండు వెనక సందులో ముత్యాలప్ప సెలూన్ ఉండేది. ఒక కుర్చీ, ఒక అద్దం, ఒక బెంచి. కుర్చీ ఎవరిదైనా బెంచి మాత్రం నాదే. బాగలూరు నుంచి రోజాపూల మూటలు తెచ్చి మార్కెట్లో వేసి, తిరుగు బస్సు వచ్చేదాకా అక్కడ కూర్చుని పేపరు చదివేవాణ్ణి. గడ్డం మాత్రం ఇంట్లోనే గీసుకునేవాణ్ణి. ఆ సంగతి ముత్యాలప్పకు తెలుసు. నాకు సిగ్గులేదనీ తెలుసు.

తొంభై ఎనిమిది నాటికి ఊరంతా బ్లేడుకు మారిపోయినా ఆయన పాత కత్తినే వాడేవాడు. ఎవరైనా ఆ కత్తిని మెచ్చుకుంటే ఒప్పుకునేవాడు కాదు. "కత్తిదేముందప్పా, యాడైనా దొరుకుతాది. దాన్ని నడిపించేది ఇది" అని అద్దం పక్కన మేకుకు వేలాడే తోలుపట్టాను చూపించేవాడు. మూరెడు పొడవు, ముదురు ఎరుపు. గడ్డం గీసే ముందు కత్తిని దాని మీద అటూ ఇటూ లాగితే పదును లేస్తుంది.

దానికి జరిగే మర్యాదలు కొత్తల్లుడికి కూడా జరగవు. ఎండ తగలకూడదు, తడి చేత్తో ముట్టకూడదు, మడత పెట్టకూడదు. రోజూ అంగడి తెరవగానే దుమ్ము తుడిచి, అరచేత్తో పైనుంచి కిందికి నూరుసార్లు రుద్దేవాడు. చేతి వేడికి తోలు మెత్తబడుతుందట, ఏ చిన్న నలుసున్నా చేతికి తెలిసిపోతుందట. అంతసేపూ కుర్చీలో ఉన్నవాడు మొహం మీద నురగ ఆరిపోతున్నా కదలకుండా కూర్చోవాలి. ఆయన భార్య మారక్క టిఫిను తెచ్చినప్పుడల్లా, "దానికేమన్నా జొరమొచ్చిందా, అట్ల తడిమి తడిమి చూస్తావు?" అనేది.

ఇంత సేవకూ దక్కిన ఫలం ఒక్క గొప్ప. "ఇరవై ఆరేండ్లయింది. ఈ కుర్చీలో ఒక్క చుక్క రక్తం పడల్యా" అని కొత్తవాళ్లకు చెప్పేవాడు. పాతవాళ్లకూ చెప్పేవాడు. పెద్దరోడ్డు మీద ఏసీ సెలూన్ తెరిచాక సగం జనం అటు పోయారు. మిగిలిన సగం ఆ మాటను నమ్మి వచ్చినవాళ్లే. అది పోతే ముత్యాలప్ప అంగడి కూడా పోయినట్టే.

ఆయుధపూజ నాడు కత్తికి, కత్తెరకు, కుర్చీకి, నీళ్లు చల్లే సీసాకు కూడా బొట్టు పెట్టనిచ్చేవాడు. తోలుకు మాత్రం వద్దు. కుంకుమలో సన్నటి రవ్వ ఉంటుంది, అది అంటుకుంటే కత్తి అంచు పోతుంది. మారక్కకు ఇది మింగుడు పడేది కాదు. "కూడు పెట్టేదానికి బొట్టు లేదంట. ఇంక జనం యాడ్నించి వస్తారు?" అని ఏటేటా గొణిగేది. ఏసీ సెలూన్ వచ్చిన ఏడాది గొణగలేదు. మొగుడు కొబ్బరికాయ కోసం పోయినప్పుడు తోలుకు నిండుగా రెండు బొట్లు పెట్టి, పైన గుడ్డ కప్పేసింది.

మరునాడు విజయదశమి. తలుపు తీసేసరికే బట్టల వ్యాపారి జయరామయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పది గంటలకు కృష్ణగిరిలో ఆయన కొత్త అంగడి ప్రారంభం. ఫోటోలవాణ్ణి కూడా పిలిచాడు. "తొందరగా కానీప్పా, కారు నిలబడింది" అంటూ కుర్చీ ఎక్కేశాడు. ఆ హడావిడిలో ముత్యాలప్ప అరచేత్తో రుద్దడం మానేశాడు. గుడ్డ లాగేసి, కబుర్లు చెబుతూ, తోలు వైపు చూడకుండానే కత్తిని నాలుగుసార్లు ఆడించాడు. మొదటి చెంప ఎలాగో అయింది. రెండో చెంప మీద కత్తి పట్టేసింది. తెల్లటి నురగలో ఎర్రటి గీత లేచింది.

జయరామయ్య పెట్టిన కేక బస్టాండు దాకా వినిపించి ఉంటుంది. పటిక రుద్దితే రక్తం ఆగింది గానీ ఆయన ఆగలేదు. సగం గడ్డంతో, మెడలో తువ్వాలుతో రోడ్డు దాటి నేరుగా ఏసీ సెలూన్లోకి పోయాడు. నాకు నవ్వొచ్చింది. ముత్యాలప్ప మొహం చూశాక నవ్వు ఆగిపోయింది.

ఆయన తోలు మీద అరచెయ్యి వేసి మెల్లగా కిందికి దించాడు. సగంలో చెయ్యి ఆగింది. వేళ్లకు కుంకుమ. ఎర్ర తోలు మీద ఎర్ర బొట్టు కంటికి ఆనలేదు. పెట్టింది ఎవరో మా ఇద్దరిలో ఎవరూ అడగనక్కర్లేకపోయింది. ఆయన వేళ్లు పంచెకు తుడుచుకుంటుండగానే మారక్క గుగ్గిళ్ల గిన్నెతో వచ్చింది. రక్తం అంటిన గుడ్డ చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏమైందయ్యా?"

నాకు కోపం వస్తే నోరు ఆగదు. "ఏమైందా? నువ్వే..." అంటూ లేచాను. ముత్యాలప్ప నా భుజం పట్టి బెంచి మీదికి నొక్కేశాడు.

"ఏమీ లేదు. చెయ్యి వణికింది" అన్నాడు.

మారక్క గిన్నె కింద పెట్టి ఆయన చెయ్యి పట్టుకుంది. "ఎన్నినాళ్ల నుంచీ? నాకెందుకు చెప్పల్యా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నూనె తెస్తానని అప్పటికప్పుడు ఇంటికి పరుగెత్తింది.

ఆమె సందు దాటగానే నేను విరుచుకుపడ్డాను. "ఇరవై ఆరేండ్ల పేరప్పా! ఉన్న మాట చెప్పింటే నీదేం పోయేది?"

"సుమ్మనుండు తిమ్మరాజప్పా, అరవద్దు. పొద్దున చెయ్యి పెట్టి రుద్దింటే నాకు తెలిసేది. తప్పు చేతిదే" అన్నాడు. పొడిగుడ్డతో ఆ బొట్లు తుడిచాడు. తర్వాత అన్నాడు: "చెయ్యి వణికిందంటే పోయేవాళ్లు పోతారు. తాను బొట్టు పెడితే రక్తం పడిందని తెలిస్తే, ఆ యమ్మ ఇంక యా పండగకూ కుంకుమ ముట్టదు."

పోయేవాళ్లు పోయారు. దీపావళి దాకా రోజుకు ఇద్దరు ముగ్గురు వస్తే గొప్ప. ఆ పాత గొప్ప మళ్లీ ఆయన నోట వినలేదు. అది వినబడక నాకు ఇంత బాధగా ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. మారక్క మాత్రం రోజూ పొద్దున్నే అంగడికి వచ్చి, వణకని ఆ చేతికి నువ్వుల నూనె పట్టించి అరగంట పిసికేది. ఆయన బుద్ధిగా చెయ్యి చాచి కూర్చునేవాడు. నూనె చెయ్యి తోలుకు పనికిరాదు. అందుకని ఆమె అటు పోగానే సబ్బుతో మోచేతి దాకా కడుక్కుని, అప్పుడు తోలు రుద్దడం మొదలుపెట్టేవాడు.

నెల దాటాక ఒకరోజు మారక్క చెయ్యి పిసుకుతూ, "ఇప్పుడు తగ్గింది కదా?" అని ఆశగా అడిగింది.

ముత్యాలప్ప పేపరు వెనకనున్న నా వైపు ఒకసారి చూశాడు.

"ఇంకా కొంచెం ఉండాది. రుద్దు" అన్నాడు.