గొంతుకిచ్చిన షీల్డు

అనంతపురంలో సినిమా విమర్శకుల సంఘం ఉందంటే నవ్వేవాళ్ళే ఎక్కువ. "వానే రాని ఊర్లో విమర్శకులెందుకక్కా?" అని సొంత తమ్ముడే అడిగాడు నన్ను. ఎందుకో నాకూ తెలియదు గానీ ఉంది. పదిమందిమి కూడా లేం. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన నేను కార్యదర్శిని. మందుల షాపు పెట్టుకున్నాయన అధ్యక్షుడు. మా నియమం ఒక్కటే. టికెట్ కొనుక్కుని, జనం మధ్య కూర్చుని చూడాలి. పాసు మీద చూసినవాళ్ళకు ఓటు లేదు.

ఏటా అవార్డులిస్తాం. పుచ్చుకోవడానికి మాత్రం ఎవరూ రారు. హైదరాబాదుకు ఫోన్ చేస్తే, "చాలా సంతోషమండీ, మా తరఫున ఎవరైనా తీసుకోండి" అంటారు. ఆ ఎవరైనా మా అధ్యక్షుడే. ఉత్తమ నటుడి తరఫునా ఆయనే, ఉత్తమ నటి తరఫునా ఆయనే. ఆ షీల్డులన్నీ ఆయన షాపులో దగ్గుమందు సీసాల వెనక దుమ్ము పట్టి ఉంటాయి.

మొన్నటి ఏడాది, ఒక సినిమాలో తల్లి వేషం వేసినామెకు ఉత్తమ సహాయనటి అవార్డు ఇవ్వాలని అందరం తీర్మానించాం. సినిమాల్లో మా సీమ మాట అంటే కత్తులు పట్టుకున్నవాళ్ళ అరుపులే కదా. ఈ తల్లి మాత్రం వంటింట్లో మాట్లాడినట్టు మాట్లాడింది. వింటుంటే ఉరవకొండ సంతలో నిలబడ్డట్టే ఉంటుంది. ప్రశంసాపత్రం నేనే మురిసిపోతూ రాసి పంపాను. ఆ నటి వస్తుందని ఆమె మేనేజరు కబురు చేశాడు. ఇంకేం, అధ్యక్షుడికి కాళ్ళు భూమ్మీద ఆనలేదు. ఆమె ముఖం వేసి ఊరంతా పోస్టర్లు అంటించాడు.

సభ ముందు వారం ఆ నటే నాకు ఫోన్ చేసింది. మాట్లాడింది కన్నడంలో; సరిహద్దు జిల్లా కాబట్టి నాకు అర్థమైంది. ప్రశంసాపత్రం ఎవరితోనో చదివించుకుందట. నాకు తెలుగు రాదు, మీరు పొగిడిన గొంతు నాది కాదు, అది మీ కదిరి దగ్గర పల్లెలో పుట్టిన అమ్మాయిది, షీల్డు ఆమెకే ఇవ్వండి అంది. ఇన్నేళ్ళ విమర్శకులం, డబ్బింగ్ అనేది ఒకటుంటుందని ఒక్కరికీ తట్టలేదు!

అధ్యక్షుడు ఒప్పుకోలేదు. "పోస్టర్లు యేసేసినాం కదక్కా. జనం మొగం చూడను వస్తారు గానీ గొంతు చూడను వస్తారా?"

"మనం రాసింది తీసి చదువప్పా. అందులో మొగం అనే మాట యాడన్నా ఉంటే చూపించు."

చదివాడు. "సరే, తిట్లు మాత్రం నువ్వే తినల్ల" అన్నాడు.

సభ రోజు మధ్యాహ్నం, గొంతిచ్చిన ఆ అమ్మాయి హైదరాబాదు బండి దిగి నేరుగా మా ఇంటికే వచ్చింది. అన్నం పెట్టాను. తినకుండా కెలుకుతూ కూర్చుంది. అడిగితే అప్పుడు చెప్పింది.

"మా నాయన వస్తాండాడు మేడమ్. ఆయన నా పని నమ్మడు. 'ఆమె నోరు ఆడతాంటే గొంతు నీదెట్లయితాది' అంటాడు. పాప యాడ పని చేస్తాందని ఊర్లో అడిగితే తలెత్తుకోలేకపోతాండానంటాడు. పోట్లాడి పోట్లాడి నాకూ చాలయిపోయింది. ఈపొద్దు కూడా నమ్మకపోతే పని మానుకొని, సంచి సర్దుకొని ఆయన ఎంట కదిరికి పోతాను."

ఆ తండ్రి మీద నాకు ఒళ్ళు మండింది. మళ్ళీ ఆలోచిస్తే, మేమంతా చేసిన పొరపాటే కదా ఆయనా చేసింది. ఏ ముఖం పెట్టుకుని తిట్టను?

సాయంత్రానికి హాలు నిండిపోయింది. రెండో వరసలో భుజాన తువ్వాలుతో, చేతులు కట్టుకుని వాళ్ళ నాయన. అధ్యక్షుడు నీళ్ళు నములుతూ ఆ అమ్మాయి పేరు చదివాడు. మామూలు నూలు చీరలో ఆమె స్టేజీ ఎక్కేసరికి వెనకనుంచి కేకలు మొదలయ్యాయి. "పోస్టర్లో ఆమె యాడప్పా?" అన్నారు. ఈలలు వేశారు. కుర్చీలు జరిగాయి, కొందరు లేచి నడిచారు కూడా. నేను చదివే ప్రశంసాపత్రం నాకే వినపడలేదు. ఆ అమ్మాయి షీల్డు పట్టుకుని దిగే మెట్ల వైపు చూస్తోంది. పక్కకు వెళ్ళి, "ఆ సంగటి మాట చెప్పమ్మా" అన్నాను.

సినిమాలో పంట ఎండిపోయి కొడుకు గట్టు మీద ఏడుస్తుంటే తల్లి వచ్చి అనే మాట అది. ఆ అమ్మాయి షీల్డు బల్ల మీద పెట్టి, మైకు దగ్గరకు వచ్చి కళ్ళు మూసుకుంది.

"ఏడిస్తే వాన వస్తాదేమిరా? లెయ్. సంగటి చల్లారిపోతాండాది."

గట్టిగా కూడా అనలేదు. తలుపు దాకా వెళ్ళినవాళ్ళు అక్కడే ఆగారు.

రెండో వరసలో వాళ్ళ నాయన లేచి నిలబడ్డాడు. "ఇంగొకసారి చెప్పు పాపా."

ఆమె చెప్పింది. ఆయన తువ్వాలు కళ్ళకు అద్దుకున్నాడు. "అది మీయమ్మ మాట. అచ్చం మీయమ్మే."

"వాళ్ళు ఇంకేందో రాసిండ్రి నాయనా. నేనే అడిగి మార్పించినా."

హాల్లో చప్పట్లు ఎంతసేపు మోగాయో చెప్పలేను. మా అధ్యక్షుడైతే చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. గొంతుకు ప్రత్యేకంగా ఒక అవార్డు పెట్టాలని అక్కడే ప్రకటించేశాడు, మమ్మల్నెవరినీ అడక్కుండానే. ఈ ఏడు నుంచి ఇస్తున్నాం.

సభ అయ్యాక బయట మెట్ల దగ్గర ఆ పెద్దాయన షీల్డును తువ్వాల్లో మూట కట్టుకున్నాడు. "ఇది నా దగ్గర ఉండనీ. అడిగినోళ్ళకు చూపించల్ల" అని, నా వైపు తిరిగాడు. "అమ్మా, హైదరాబాదు బండి ఎప్పుడుండాది? పాపకు పనికి ఆలస్యమైతాది."

ఆ మాటకు ఆ అమ్మాయి సంచి కింద పడేసి, మెట్ల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన వంగి సంచి తీసి భుజాన వేసుకున్నాడు.

"ఏడిస్తే బండి వస్తాదేమే? లెయ్."