వేళ్లకు మళ్లీ చదువు

ఏళ్ల తరబడి టైపు కొట్టీ కొట్టీ టైపిస్టు అమ్మమ్మ కుడిచేతి చివరి రెండు వేళ్లూ అతుక్కున్నట్టు ముడుచుకుపోయాయి. "తప్పు చేతిది కాదమ్మా. మెదడు ఆ రెంటినీ ఒకటే అనుకుంటోంది. తడిమించి మళ్లీ నేర్పాలి," అంది వైద్యురాలు. అందుకే రోజూ సాయంత్రం ఆవిడ కళ్లు మూసుకుని కూర్చుంటే, మనవరాలు ఆ వేళ్ల కింద ఒక్కో వస్తువూ పెడుతుంది. తాళంచెవిని చెంచా అన్నప్పుడల్లా పిల్లతో పాటు తనూ నవ్వేస్తుంది గానీ, చెయ్యి మెల్లగా ఒళ్లోకి జారిపోతుంది. నిన్న చిటికెన వేలికి ఏదో చిన్నది తగిలింది. "గుండీ... కాదే, చిల్లుల్లేవు. ఒకవైపు నున్నగా, ఒకవైపు గరుగ్గా..." చటుక్కున కళ్లు తెరిచింది. "ఓసి గడుగ్గాయీ! పన్నెప్పుడు ఊడిందే?" పిల్ల నోరు తెరిచి సందు చూపించింది. ఆవిడ చిటికెన వేలు అక్కడ ఆనించి, "కొత్తది అప్పుడే మొన తేలుతోందే," అంది. పిల్ల అద్దం దగ్గరికి పరుగెత్తింది. "ఏం కనిపించట్లేదు అమ్మమ్మా! నిజంగా ఉందా?" "ఉందే తల్లీ. నా వేలికి తెలిసింది," అంది ఆవిడ, ఆ మాట తనే నమ్మలేనట్టు.