మడతలోకి పోయిన వాగు

నా చిన్నప్పుడు ప్రొద్దుటూరులో మాది బట్టలంగడి. మరకపడిన చీరను ఆ మరక లోపలికి పోయేలా మడవడం నాకు అక్షరాల కంటే ముందే వచ్చింది. ఆ విద్య చూసుకుని తెగ మురిసిపోయేదాన్ని.

చాపాడు దగ్గర మాకొక బీడు ఉండేది. గొర్రెలు కాసే ఒక మామ దాన్ని కొని, ఇల్లు కట్టుకుని, పెళ్ళాంబిడ్డలతో ఒకచోట నిలవాలనుకున్నాడు. అందుకోసం సగం మందను అమ్మేశాడు కూడా. అతను వచ్చే రోజు మా తాతయ్య బీరువాలోంచి పాత సర్వే పటం తీసి బల్ల మీద పెట్టాడు. గుడ్డకు అతికించిన పటం అది. గుట్టలన్నీ గోధుమరంగు గీతలు, నీళ్ళన్నీ నీలం. మా బీడు చుట్టూ తాతయ్య పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నాడు. ఆ గుర్తు మధ్యలోంచి ఒక నీలి గీత పోతోంది. నాకు బుద్ధి తెలిశాక అక్కడ నీటిచుక్క చూడలేదు. అయినా బేరం చెడుతుందేమోనని, తాతయ్య అటు తిరగగానే, ఆ గీత లోపలికి పోయేలా పటాన్ని మడిచిపెట్టాను.

మామ వచ్చి, వాకిలి ఎటు పెట్టాలో సంబరంగా చెప్పుకుపోతున్నాడు. తాతయ్య కొత్త మడతను వేలితో తడిమి నా వైపు చూశాడు.

"ఎవురు మడిచింది?"

"నేనే తాతా," అన్నాను, మెచ్చుకుంటాడని.

తిట్టలేదు. మడత విప్పి, నా వేలు పట్టుకుని నీలి గీత మీద పెట్టాడు. "మామ కూతురు నీ ఈడుదే. ఈడ ఇల్లు కడితే ఆ పాప యాడ పండుకుంటాదో చూపీ."

నేను వేలు వెనక్కి లాక్కున్నాను.

"ఇది ఏందప్పా?" అన్నాడు మామ.

"వాగు. పారంగా నేనెప్పుడూ చూల్లేదప్పా. పటం గీసినోళ్ళు చూసినారు," అన్నాడు తాతయ్య.

మామ పటాన్నీ నన్నూ చూసి నవ్వాడు. "నీ మనమరాలు శానా గట్టిదప్పా! గొర్రెకు గూడా కోక అమ్ముతాది." నవ్వుతూనే లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ మా అంగడి మెట్టెక్కలేదు.

తాతయ్య పోయాక, చాలా ఏళ్ళకు, అంగడితోపాటు ఆ బీడూ నా వాటాకు వచ్చింది. కొనవచ్చినాయన ముందు నేనూ పటం పరిచి వాగు చూపించాను. "ఇది ఏ కాలందో పెద్దమ్మా! ఇప్పుడాడ వాగు యాడుంది?" అన్నాడు. ఇంకోసారి చెప్పి ఉండవచ్చు. ధర బాగా పలుకుతోంది, ఊరుకున్నాను. ఆయన అక్కడే ఇల్లు కట్టుకున్నాడు.

చాపాడు వైపు మబ్బు పట్టినప్పుడల్లా ఆ ఇంటివాళ్ళకు ఫోన్ చేస్తాను. కొత్త చీరలు వచ్చాయంటాను, ఇంట్లో అందరూ ఎట్లున్నారంటాను. చీరలు అమ్ముకోవడానికే చేస్తున్నానని వాళ్ళు అనుకుంటారు.