బాబాయి వేసిన యూరప్ ట్రయల్

మా బాబాయి దేన్నీ ట్రయల్ వెయ్యకుండా ఒప్పుకోడు. లిఫ్టులు బాగుచేసే మనిషి కదా, ఖాళీ లిఫ్టుని పైకీ కిందకీ నడిపి చూశాకే జనాన్ని ఎక్కనిస్తాడు. అక్కడితో ఆగితే వృత్తిధర్మం అనుకుని ఊరుకునేవాళ్ళం. సోఫా కొనాలంటే షాపులోనే చెప్పులు విప్పి, దానిమీద ఒక కునుకు తీసి, లేచాక బేరం మొదలుపెడతాడు. తన ఆపరేషన్‌కి ముందురోజు ఆస్పత్రికి వెళ్ళి మంచమెక్కి పడుకుని, "దిండు ఎత్తు చాల్లేదమ్మా" అని నర్సుకి చెప్పొచ్చిన ఘనుడు.

అలాంటి మనిషిని వెంటబెట్టుకుని మా పిన్ని యూరప్ వెళ్తానంది.

పిన్ని స్కూల్లో జాగ్రఫీ చెప్పి రిటైరైంది. అక్కడ చలి విరిగి, జనం ఎగబడక ముందు, తొలిపూలు పూసే వేళకి ఏదో ఒక ప్రాంతంలో తీరిగ్గా తిరగాలని ఆవిడకి ఏళ్ళనాటి ఆశ. "ఈ మార్చి దాటిందా, ఇక నన్ను పిలవొద్దు. ఎక్కడికో మీరే తేల్చండి" అని తెగేసి చెప్పింది. నేను ట్రావెల్ ఆఫీసులో పనిచేస్తాను, పైగా ఆవిడకి అక్క కూతుర్ని. ఇంకేముంది, బరువు నా నెత్తిన పడింది.

స్కాట్లాండ్ అన్నాను, అక్కడ వానలెక్కువని కూడా చెప్పాను. బాబాయి రెయిన్‌కోటు తొడుక్కుని షవర్ కింద నిలబడ్డాడు. పక్కన గొడుగుతో పిన్ని. బాబాయి తీర్పు చెప్పేశాడు.

"నేల జారుతోంది. ఫెయిల్!"

ఫ్రాన్సులోని ప్రోవాన్స్ అన్నాను. అక్కడి పాత ఊళ్ళలో రాళ్ళు పరిచిన వీధులుంటాయని నోరుజారాను. మర్నాడు పక్క సందులో కడుతున్న ఇంటి ముందు, కంకర గుట్టమీద, మొగుడూ పెళ్ళాలిద్దరూ సూట్‌కేసు లాగుతూ కనిపించారు.

మేస్త్రీ పరిగెత్తుకొచ్చాడు. "ఏం పోయిందండీ? మావాళ్ళు వెతికిపెడతారు."

"ఏమీ పోలేదయ్యా, మేం ఫ్రాన్సులో ఉన్నాం" అన్నాడు బాబాయి. అదీ ఫెయిలే.

ఇటలీలోని అమాల్ఫి తీరమంటే కొండకి అతుక్కున్న ఊళ్ళు, ఎటు చూసినా మెట్లు. బాబాయి తన తాళంతో మా అపార్టుమెంటు లిఫ్టు ఆపేశాడు. కూరగాయల సంచీతో కింద నిలబడ్డ పక్కింటావిడ, "పాడైందా అన్నయ్యగారూ?" అంది.

"లేదమ్మా, ట్రయల్ జరుగుతోంది. మీరూ రండి, సముద్రం కనిపిస్తుంది."

మొదటి మలుపులోనే కూలబడ్డాడు. "అబ్బా, ఆయాసం! నా వల్ల కాదు. ఫెయిల్!"

"అప్పుడే అలిసిపోయారా?" అంది పిన్ని, రెయిలింగు వదలకుండా. నవ్వింది గానీ, ఇంట్లోకి వెళ్ళి అటకమీంచి దింపిన రెండో సూట్‌కేసుని మళ్ళీ పైకి ఎక్కించమంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"వెళ్ళడం ఇష్టంలేదని చెప్పొచ్చుగా బాబాయ్! టిక్కెట్లు అయిపోతున్నాయి. పిన్నికి ఆ ఒక్క కోరికా తీర్చలేవా?"

బాబాయి సూట్‌కేసు చక్రం తిప్పి చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు మా ఆఫీసు లిఫ్టు ఆగిపోయింది. బాగుచెయ్యడానికి వచ్చిందెవరు? భుజాన బరువైన పనిముట్ల సంచీ, నోట ఈల. పై అంతస్తు దాకా మెట్లన్నీ కుర్రాడిలా ఎక్కేశాడు. దారికి అడ్డంగా నిలబడ్డాను.

"ఏదీ, ఆయాసం ఏదీ?"

దొరికిపోయాడు. గొంతు తగ్గించాడు. "మీ పిన్నికి ఎడమ మోకాలు బాలేదే. మెట్టు దిగేటప్పుడు పళ్ళు బిగిస్తుంది. చెప్పదు. మనం అడిగామో, 'నావల్ల మీకెందుకు ఇబ్బంది' అని ప్రయాణమే మానేస్తుంది. అందుకే నేను ఫెయిలవుతున్నా. నడక తక్కువుండే చోటు చూడు తల్లీ."

నా కోపమంతా ఎటుపోయిందో! ఆ సాయంత్రమే ఇటలీ సరస్సుల ప్రాంతం పట్టుకొచ్చాను. మార్చిలో కమేలియా పూలు, ఒడ్డున చదునైన దారి, ఊరినుంచి ఊరికి పడవ.

పార్కు చెరువులో ట్రయల్. పిన్ని పడవలో దర్జాగా కాళ్ళు చాపుకుని కూర్చుంది. బాబాయి ముఖం సున్నం కొట్టినట్టయింది. ఒడ్డు తగలగానే దిగి, చెట్టు చాటుకి పరిగెత్తి, పొద్దుట తిన్నదంతా కక్కాడు. మూతి తుడుచుకుంటూ వచ్చి, గట్టిగా ప్రకటించాడు.

"పాస్!"

"మీకు పడలేదుగా?" అంది పిన్ని.

"టిఫిను పడలేదు. పడవ బ్రహ్మాండం."

టిక్కెట్లు కొనేశాను. సర్దుకునే రోజు పిన్ని నన్ను వంటింట్లోకి లాగి, కొంగుచాటునుంచి మాత్రలు తీసింది.

"పడవలో కడుపు తిప్పకుండా వేసుకునేవి. నాకే తిప్పుతోందని, ఒక్కదాన్నే మింగాలంటే భయమని చెప్పి ఆయన చేత వేయిస్తా. పాపం, నాకోసం అంత ఆయాసపడ్డారు."

"నీకు తెలుసా పిన్నీ?"

"లిఫ్టులు బాగుచేసేవాడికి మెట్లెక్కితే ఆయాసమేంటే, చోద్యం కాకపోతే!" అంటూ గ్లాసులో నీళ్ళు పోసి, మాత్ర నా చేతిలో పెట్టింది. "మత్తు వస్తుందేమో, ముందు నువ్వొకటి మింగు."

"నేనెందుకు?"

"ట్రయల్."