ఆఖరి సీసాలో క్యాబేజీ

పార్సిప్పనీలో మా అపార్ట్‌మెంట్‌లో ఎదురు తలుపు వాళ్లు ఎప్పుడో పోలండ్ నుంచి వచ్చి స్థిరపడిన ముసలి దంపతులు. చలికాలం మొదలవుతుందనగా ఆవిడ క్యాబేజీని సన్నగా తరిగి, ఉప్పు పట్టించి, గాజు సీసాల్లో గట్టిగా కుక్కి పులియబెట్టేవారు. ఆ పులిసిన క్యాబేజీలో పంది మాంసం, పొగబెట్టిన సాసేజ్ ముక్కలు వేసి గంటల తరబడి ఉడికించిన కూర మాకూ ఒక గిన్నెడు పంపేవారు. మొదటిసారి మూత తియ్యగానే ఆ వాసనకి మా ఆయన వంటింటి కిటికీ తెరిచేశారు. తర్వాత్తర్వాత ఆ గిన్నె ఎప్పుడొస్తుందా అని ఇద్దరం ఎదురు చూసేవాళ్లం.

ఒక ఏడు క్రిస్మస్‌కి ముందు ఆవిడ లాండ్రీ రూమ్‌లో కుప్పకూలిపోయారు. అంబులెన్స్ వచ్చేసరికే ప్రాణం పోయిందన్నారు. చర్చిలో అంత్యక్రియల ప్రార్థనకి మేమూ వెళ్లాం. వాళ్ల భాషలో పాడిన పాటలు మాకొక్క ముక్కా అర్థం కాలేదు. ముందు వరసలో ఆ పెద్దాయన పాటల పుస్తకం తెరవకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

జనవరిలో ఒక శనివారం పొద్దున పెద్దాయన మా తలుపు కొట్టారు. చేతిలో క్యాబేజీ సీసా.

"ఫ్రిజ్‌లో వెనకాల దొరికింది. ఇదే ఆఖరిది," అన్నారు ఇంగ్లీషులో, ఆగి ఆగి. "నాకు వంట రాదు. ఆమె చేసినట్టు చేసి పెడతావా?"

"నేను తినడమే గానీ ఎప్పుడూ వండలేదండీ. ఇందులో ఏమేం వేసేవారో గుర్తుందా?"

ఆయన వేళ్లు మడుస్తూ లెక్కపెట్టారు. "మాంసం. ఎండు పుట్టగొడుగులు. ఇంకేదో నల్లగా, తియ్యగా."

"ఎండిన ప్లమ్ పళ్లు, ప్రూన్సా?"

"అయ్యుండొచ్చు. ఆమె వండుతుంటే నేను టీవీ ముందు ఉండేవాణ్ణి."

ఆయన వెళ్లాక సీసా కౌంటర్ మీద పెట్టి చూస్తూ నిలబడ్డాను. మా ఆయన వచ్చి, "సగమే వేసి ట్రై చెయ్యి. చెడిపోయినా మిగతా సగం సేఫ్‌గా ఉంటుంది కదా," అన్నారు. నాకూ అదే మంచిదనిపించింది. ఎదురింటికి వెళ్లి ఆ మాటే చెప్పాను. పెద్దాయన తల అడ్డంగా ఊపారు.

"వద్దు. మొత్తం వేసెయ్యి. సగం మిగిలితే రోజూ ఆ ఫ్రిజ్ తెరిచి చూస్తూ కూర్చుంటాను."

కావలసినవన్నీ షాపు నుంచి తెచ్చుకుని సీసా మూత తిప్పాను. బుస్సుమని గాలి తన్నుకొచ్చింది. ఆన్‌లైన్‌లో చూస్తే, క్యాబేజీని కడిగి వెయ్యాలని కొందరు, కడగకూడదని కొందరు రాశారు. ఆవిడ చేత్తో పట్టించిన ఉప్పుని కుళాయి కింద పారబోయడానికి నాకు మనసొప్పలేదు. అలాగే వేసేశాను. మాంసం ఎర్రగా వేయించి, ఉల్లిపాయలు, సాసేజ్, నానబెట్టిన పుట్టగొడుగులు, బిర్యానీ ఆకు, ప్రూన్స్ కలిపి, నీళ్లు పోసి సన్న సెగ మీద పెట్టాను.

కాసేపటికి పెద్దాయన వచ్చి, కోటు కూడా విప్పకుండా మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నారు. బయట మంచు పడుతూనే ఉంది. పార్కింగ్ లాట్‌లో మంచు తోసే బండి అటూ ఇటూ తిరుగుతోంది. కూర దగ్గరపడి ఆ వాసన ఇల్లంతా నిండాక ఆయన లేచి పొయ్యి దాకా వచ్చారు. గిన్నెలోకి తొంగి చూసి, బాత్రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకున్నారు. లోపల కుళాయి చాలాసేపు పారుతూనే ఉంది. మా ఆయనా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం.

తిరిగొచ్చాక వడ్డించాను. ఒక ముద్ద తిని ఫోర్క్ కింద పెట్టారు.

"ఉప్పు ఎక్కువైందాండీ?"

"ఎక్కువైంది," అన్నారు. "ఆమె చేసినట్టు లేదు."

సారీ చెప్పబోయాను. ఆయన వినిపించుకోలేదు. మాంసం ముక్కల్నీ ప్రూన్స్‌నీ మెల్లగా పక్కకి జరిపి, క్యాబేజీ పోగుల్ని మాత్రం ఫోర్క్‌తో చుట్టుకుని తినడం మొదలుపెట్టారు.

"క్యాబేజీ మాత్రం ఆమెదే," అన్నారు.

మిగిలిన కూర డబ్బాలో పెట్టి ఇచ్చాను. కొన్నాళ్లపాటు సాయంత్రాలు ఆఫీసు నుంచి వచ్చేసరికి కారిడార్‌లో ఆ పుల్లటి వాసన తగిలేది. తర్వాత ఆగిపోయింది.

వసంతంలో వాళ్లమ్మాయి వచ్చి ఇల్లు ఖాళీ చేయించి, ఆయన్ని గంట దూరంలో ఉన్న ఒక వృద్ధుల కేర్ హోమ్‌లో చేర్పించింది. వేసవిలో ఒక ఆదివారం మా చర్చి అయ్యాక చూడ్డానికి వెళ్లాం. షాపులో దొరికే పులిసిన క్యాబేజీ తెచ్చి, ఈసారి బాగా కడిగి, వండి తీసుకెళ్లాను. ఆయన లో-సాల్ట్ డైట్‌లో ఉన్నారనీ, బయటి తిండి పెట్టడానికి వీల్లేదనీ నర్సు చెప్పింది.

కిటికీ పక్క కుర్చీలో బాగా చిక్కిపోయి కూర్చున్నారు. నా చేతిలో డబ్బా చూసి ఏంటని అడిగారు. చెప్పాను.

"క్యాబేజీ ఎవరిది?"

"షాపుదండీ."

"అయితే ఫరవాలేదు, తీసుకెళ్లు," అని కిటికీ వైపు తిరిగిపోయారు. ఆ తర్వాత మేమెంత మాట్లాడించినా ఊఁ కొట్టడమే.

ఇంటికొచ్చి ఆ కూర వేడి చేసుకుని ఇద్దరం తిన్నాం. ఉప్పు సరిపోయింది. మాంసం మెత్తగా ఉడికింది. మా ఆయన రెండోసారి వడ్డించుకోలేదు. ఇంకాస్త వెయ్యనా అని నేనూ అడగలేదు.