కొమ్ము ఊదకుండా వచ్చినవాడు

మా ఊళ్ళో పందులు కాసే టిల్రెడ్ చనిపోయి నిన్నటికి తొమ్మిది రోజులు. అతని గురించి అడిగితే అందరూ కుంటికాలి సంగతో, పందుల సంగతో చెబుతారు. నేను చెప్పేది ఒక్క పూట సంగతి. ఆ పూట అతని పక్కన నిలబడింది నేనే. బొగ్గులు కాల్చుకు బతికేవాణ్ణి, కథలు అల్లడం నాకు చేతకాదు.

అడవిలో బాట వదిలి నడిచేవాడు కేక వేయాలి, లేదా కొమ్ము ఊదాలి. రెండూ చేయనివాడు దొంగ. వాణ్ణి చంపినా అడిగేవాడుండడు, చర్చి నేలలో వాడికి చోటుండదు. ఇది మాకు ఉగ్గుపాలతో వంటబట్టిన శాసనం. తల్లి పోయిన ఇంట్లో తమ్ముడు బోట్విన్‌ని పెంచింది టిల్రెడే. నడక సరిగ్గా రాకముందే వాడికి కొమ్ము ఊదడం నేర్పాడు. రెండుసార్లు పొట్టిగా, ఒకసారి పొడుగ్గా. ఓక్ కాయలు మేస్తున్న పందులు కూడా ఆ పిలుపుకే వచ్చేవి.

సముద్రం మీద వచ్చి ఊళ్ళు దోచుకుపోయే ఓడలవాళ్ళు ఏటి మొగలోకి వచ్చారని కబురందింది. ఇంటికొక మనిషి పోరుకు వెళ్ళాలన్నారు. టిల్రెడ్ తొడను మగపంది చీల్చి అప్పటికి రెండేళ్ళు, అందుకని బోట్విన్ వెళ్ళాడు. అన్న తన కొత్త ఈటె, కొమ్ము వాడికిచ్చాడు.

"వచ్చేటప్పుడు ఊదుకుంటూ రా. నీకు నేనే ఎదురొస్తా."

"పందుల్ని పంపించు చాలు. నువ్వు కుంటుకుంటూ వచ్చేసరికి నాకు గడ్డం నెరిసిపోద్ది" అని తమ్ముడు నవ్వాడు.

రేవు దగ్గర జరిగిన ఆ పోరును ఏ మఠంవాళ్ళూ పుస్తకంలో రాయలేదు. మావాళ్ళు నలభై మంది, అవతల మూడు ఓడలు. కుండెడు గంజి కాగేంతసేపు సాగిందట. మావాళ్ళు చెల్లాచెదురయ్యారు. ఓడలవాళ్ళు పశువుల కోసం అడవిలోకి దిగారని తెలిసి, మునసబు విగ్‌మండ్ మమ్మల్ని అడవి అంచున వరసగా నిలబెట్టాడు. కుంటివాళ్ళు, ముసలివాళ్ళు, నాలాంటి మసిమొహాలవాళ్ళు, మిగిలింది మేమే. పొగమంచులో పది అడుగుల అవతల ఏమీ కనబడడం లేదు. ఇద్దరు మావాళ్ళు కొమ్ము ఊదుకుంటూ వస్తే లోపలికి పంపాం. కొమ్ము వినబడ్డ ప్రతిసారీ టిల్రెడ్ తల ఎత్తాడు, తమ్ముడిది కాదని దించుకున్నాడు.

తర్వాత ఆకుల మీద అడుగుల చప్పుడైంది. కొమ్ము లేదు, కేక లేదు. ఎవరది అని నేను మూడుసార్లు అరిచాను. జవాబు రాలేదు. పైగా అడుగులు ఇంకా వేగంగా మా వైపే వచ్చాయి. టిల్రెడ్ ఆ చప్పుడు మీదికి తన పాత ఈటె విసిరాడు. అతని గురి ఎప్పుడూ తప్పదు.

దగ్గరికెళ్ళి చూస్తే బోట్విన్. రేవు దగ్గర గొడ్డలి దెబ్బ తిన్నాడు, దవడ విరిగి వేలాడుతోంది. కొమ్ము మెడలోనే ఉంది. ఊదే చోట నెత్తురు ఎండి అట్టకట్టి ఉంది, అంటే చాలాసార్లే ప్రయత్నించాడు. నా గొంతు గుర్తుపట్టే అంత వేగంగా వచ్చి ఉంటాడు. టిల్రెడ్ ఏడవలేదు. కొమ్ము అంచును చొక్కాతో తుడిచాడు. శుభ్రమయ్యాక కూడా తుడుస్తూనే ఉన్నాడు. నాకూ ఏమీ అనిపించలేదు. పొద్దున్నుంచి ఏమీ తినలేదని మాత్రం గుర్తొచ్చింది. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

మర్నాడు ఊరి సభ కూడింది. విగ్‌మండ్ చెడ్డవాడు కాదు, తప్పించే దారే చూశాడు. దొంగనే చంపానని టిల్రెడ్ ప్రమాణం చేస్తే అతని మీద ఏ దోషమూ ఉండదు. కాకపోతే బోట్విన్‌ని దొంగలతో పాటు బాటలు కలిసే చోట పాతిపెట్టాలి. ప్రమాణం చేయకపోతే టిల్రెడ్ తోడబుట్టినవాణ్ణి చంపినవాడు. ఏడేళ్ళు వట్టి కాళ్ళతో చర్చి గడప బయటే నిలబడాలి.

"ఒక్క మాట అనెయ్యి టిల్రెడ్. పోయినోడికి ఏం తెలుస్తది?" అన్నాడు విగ్‌మండ్.

"ఆడు దొంగ కాదండి. నా తమ్ముడు. చంపింది నేను."

పందులు మేసొచ్చాయని చెప్పినంత మామూలుగా చెప్పాడు.

బోట్విన్‌ని చర్చి నేలలో, తల్లి పక్కన పెట్టారు. టిల్రెడ్ కొమ్మును కూడా వాడితోనే పూడ్చేశాడు. ఏడేళ్ళూ ప్రతి ఆదివారం గడప బయట నిలబడ్డాడు, మంచు కురిసినప్పుడు కూడా. పందుల్ని పిలవడానికి కొమ్ము బదులు తొట్టిని కర్రతో కొట్టేవాడు.

అప్పట్నుంచి రోజూ సాయంత్రం బాట వదిలి, చెట్ల మధ్య నుంచి ఇంటికొచ్చేవాడు. కేక వేసేవాడు కాదు. ఓసారి కోపమొచ్చి తిట్టాను. ఏదో ఒకనాడు ఎవడో ఒకడు ఈటె విసురుతాడు, చస్తావన్నాను.

"విసరనీ" అన్నాడు.

ఇరవై రెండేళ్ళు అలాగే వచ్చాడు. ఆ కుంటి అడుగు ఊళ్ళో అందరికీ తెలుసు. ఎవరూ విసరలేదు.